పర్యాటకం, రాకపోకలు, సమాజం: పరిశోధన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సాంఘిక శాస్త్రాల్లో పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థులు, పర్యాటక ప్రాంతాల్లో పనిచేసే ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సంస్థలవారు, పాత్రికేయులు ఈ రంగం గురించి పదేపదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోతుంది, కొన్నింటికి సరిపోదు. అరకు గురించిన జవాబు అన్నిటికంటే పొడవుగా ఉంటుంది. తెలుగు నేల మీద ఈ ప్రశ్నలన్నీ ముడిపడి కనిపించే ప్రాంతం అది.

పర్యాటక పరిశోధన అంటే హోటల్ మేనేజ్‌మెంట్ చదువేనా?

కాదు. హోటల్ నడపడం, టూర్ ప్యాకేజీలు తయారుచేయడం నేర్పే చదువు వేరు. ఉపాధికి అది మంచి దారే. ఇక్కడ చెబుతున్నది సామాజిక శాస్త్రం, మానవ శాస్త్రం, భూగోళం, ఆర్థిక శాస్త్రం, చరిత్ర కలిసే చోటు గురించి. హోటల్ యజమానికి కావలసింది గదులు ఎన్ని నిండాయన్న లెక్క. పరిశోధకులకు కావలసింది ఆ హోటల్ కట్టిన నేల అంతకుముందు ఎవరిది, అక్కడ బోరు వేశాక పక్క ఊరి బావిలో నీళ్లు ఎంత దిగాయి, గదులు తుడిచే మహిళ ఏ ఊరి నుంచి ఎంత జీతానికి వస్తోంది, సీజన్ ముగిశాక ఆమె ఇల్లు ఎలా గడుస్తుంది అన్న సంగతులు.

చలనశీలత అధ్యయనం అంటే ఏమిటి? దానికీ పర్యాటకానికీ సంబంధం ఏమిటి?

ఎవరు కదలగలరు, ఎవరిని కదలనివ్వరు, ఇష్టం లేకపోయినా ఎవరు కదలవలసి వస్తుంది? చలనశీలత అధ్యయనంలో మొదటి ప్రశ్నలు ఇవే. చాలాకాలం సాంఘిక శాస్త్రాలు ఊరినీ కులాన్నీ దేశాన్నీ ఉన్నచోటే ఉండేవాటిగా భావించి చదివాయి. ప్రయాణాన్ని రెండు చోట్ల మధ్య గడిచిపోయే కాలంగానే చూశాయి. బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ అర్రీ, మిమీ షెల్లర్ ఈ ధోరణిని నిలదీశారు. 2006లో వారిద్దరూ కలిసి రాసిన వ్యాసం ఈ రంగానికి పునాది అయింది. అదే ఏడాది 'మొబిలిటీస్' అనే పరిశోధన పత్రిక మొదలైంది. పర్యాటకం, వలస, రోజూ ఆఫీసుకు వెళ్లిరావడం, నిర్వాసితులు కావడం వంటివాటిని విడివిడిగా కాకుండా పక్కపక్కన పెట్టి చూడాలన్నది వారి వాదన.

గోదావరి మీద పాపికొండల విహారాన్ని తీసుకోండి. పడవ పైఅంతస్తులో ఫొటోలు తీసుకుంటున్నవారు సెలవు రోజున నగరాల నుంచి వచ్చినవారు. పడవ నడిపేవారికి ఆ ప్రయాణమే బతుకుతెరువు. ఒడ్డున దేవీపట్నం మండలంలో ఎన్నో గ్రామాలవారు పోలవరం ముంపు వల్ల తరతరాల ఊళ్లు వదిలి పునరావాస కాలనీలకు వెళ్లారు. ఒకరు చూడడానికి వస్తున్న చోటు నుంచే ఇంకొకరు కదిలిపోతున్నారు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి పదుల మంది చనిపోయారు. ఆ రోజు నాటు పడవలు వేసుకొని వెళ్లి 20 మందికి పైగా ప్రాణాలు కాపాడింది ఆ పక్క గ్రామస్థులే. పర్యాటకశాఖ లెక్కల్లో వారు ఎక్కడా కనిపించరు. ఈ పరిశోధన చేయాలనుకునేవారు మొదట వెతకవలసింది ఇలా లెక్కలోకి రాని మనుషులనే అని మా గట్టి నమ్మకం.

ఈ రంగం ఎప్పుడు మొదలైంది?

ప్యాకేజీ ప్రయాణాల చరిత్ర సాధారణంగా 1841 జులై 5తో మొదలవుతుంది. ఆ రోజు థామస్ కుక్ అనే మద్యపాన నిషేధ ప్రచారకుడు లెస్టర్ నుంచి లాఫ్‌బరోకు ఒక షిల్లింగు ధరకు సుమారు 500 మందిని రైల్లో తీసుకెళ్లాడు. పరిశోధన మాత్రం చాలా ఆలస్యంగా, 1970లలో స్థిరపడింది. 1972లో ఎరిక్ కోహెన్ పర్యాటకులందరూ ఒకే రకం కాదని చూపాడు. గైడు వెంట గుంపుగా నడిచేవారి నుంచి ఒంటరిగా దేశాలు తిరిగేవారి దాకా నాలుగు రకాలుగా విడదీశాడు. 1973లో జాఫర్ జాఫరీ 'ఆనల్స్ ఆఫ్ టూరిజం రీసెర్చ్' పత్రికను ప్రారంభించాడు. 1977లో వాలెన్ స్మిత్ సంపాదకత్వంలో వచ్చిన వ్యాస సంకలనంతో అతిథుల కంటే ఆతిథ్యం ఇచ్చేవారి మీద దృష్టి పెట్టడం మొదలైంది. పర్యాటకుల చూపు దానంతటదే పుట్టదని, ఫొటోలు, ప్రకటనలు, సినిమాలు ముందే తీర్చిదిద్దుతాయని అర్రీ 1990లో రాశాడు. ఈ రోజు ఒక జలపాతం దగ్గర అందరూ ఒకే రాయి మీద నిలబడి ఒకే కోణంలో సెల్ఫీ తీసుకోవడం చూస్తే ఆయన మాట ఎంత నిజమో తెలుస్తుంది.

లెక్కల్లో 'పర్యాటకుడు' ఎవరు?

అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం తాను రోజూ మసిలే పరిసరాలు దాటి, ఏడాదికి లోపు, వెళ్లినచోట జీతానికి పని చేయడం కోసం కాకుండా ప్రయాణించే వ్యక్తి సందర్శకుడు. కనీసం ఒక రాత్రి బస చేస్తే పర్యాటకుడు. కారణం విహారమే కానక్కరలేదు. చుట్టపుచూపు, వైద్యం, దైవదర్శనం, వ్యాపార సమావేశం కూడా లెక్కలోకి వస్తాయి. గుంటూరు నుంచి హైదరాబాద్ ఆస్పత్రికి వచ్చి లాడ్జిలో ఉన్న కుటుంబం కూడా గణాంకాల్లో పర్యాటక కుటుంబమే.

మన దేశంలో 2019లో దేశీయ పర్యాటకుల సందర్శనలు సుమారు 232 కోట్లని కేంద్ర పర్యాటక శాఖ ప్రకటించింది. అంటే 232 కోట్ల మంది మనుషులని కాదు. ఒకే వ్యక్తి ఏడాదిలో ఆరు చోట్లకు వెళితే ఆరు సందర్శనలు. వార్తల్లో ఈ తేడా తరచూ మాయమవుతుంది, విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల్లో కూడా. ఇంటింటి సర్వే కావాలనుకునేవారు జాతీయ నమూనా సర్వే సంస్థ 2008-09లో, 2014-15లో దేశీయ ప్రయాణాల మీద చేసిన సర్వేలను చూడాలి. భారతీయుల రాత్రి బస ప్రయాణాల్లో అత్యధికం బంధువుల ఇళ్లకు, శుభకార్యాలకు, పరామర్శలకు వెళ్లినవేనని వాటిలో తేలింది. మన పర్యాటక విధానాలన్నీ రిసార్టుల చుట్టూ తిరుగుతున్నప్పుడు ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

తీర్థయాత్ర పర్యాటకం కిందికి వస్తుందా?

ఈ ప్రశ్న మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. మానవ శాస్త్రవేత్తలు విక్టర్ టర్నర్, ఈడిత్ టర్నర్ 1978లోనే యాత్రికుడిలో సగం పర్యాటకుడు ఉంటే పర్యాటకుడిలో సగం యాత్రికుడు ఉంటాడన్న అర్థంలో రాశారు. దేశీయ సందర్శకుల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ ఏటా ముందు వరుసలో ఉండడానికి పెద్ద కారణం తిరుమల. అలిపిరి మెట్లు ఎక్కి మొక్కు తీర్చుకునే భక్తుడూ, దర్శనం అయ్యాక కాణిపాకం, శ్రీకాళహస్తి చూసి హార్సిలీ హిల్స్‌లో రెండు రోజులు గడిపే భక్తుడూ ఒకరే కావచ్చు. మనసులో భక్తి ఎంత, విహారం ఎంత అని తూచడం పరిశోధన పని కాదు. నీళ్లు, వసతి, రద్దీ, వ్యాపారం, పారిశుద్ధ్యం, అక్కడి కూలీల బతుకు వంటివి మాత్రం చూడగలం, చూడాలి.

మేడారం జాతర ఇంకో రకమైన ప్రశ్న వేస్తుంది. సమ్మక్క-సారలమ్మ కోయల వేల్పులు. రెండేళ్లకోసారి జరిగే జాతరకు లక్షలాది మంది గిరిజనేతరులు వస్తారు. 1996లో అది రాష్ట్ర పండుగ అయింది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకువచ్చే కోయ పూజారుల మాటకు, లక్షల మందిని సంబాళించే అధికార యంత్రాంగం మాటకు మధ్య ఏది ఎక్కడ చెల్లుతోంది? బెల్లం అమ్మే దుకాణాలు, కొబ్బరికాయల వేలం, పార్కింగు స్థలాలు ఎవరి చేతిలో ఉన్నాయి? దీని మీద తెలుగులో లోతైన పరిశోధన ఇంకా ఎంతో రావాలి.

'సామాజిక ప్రభావం' అంటే కచ్చితంగా దేన్ని కొలుస్తారు?

ఉపాధి, ధరలు, భూముల విలువ, నీళ్లు, చెత్త, నేరాలు, భాష, పండుగలు, స్త్రీల పని, పిల్లల చదువు, ఊరివాళ్ల మధ్య సంబంధాలు. జాబితా పెద్దదే. తరగతి గదుల్లో తప్పక వినిపించే నమూనాలు రెండు. బార్బడోస్, కెనడాల్లో చూసినదాన్ని బట్టి డాక్సీ 1975లో స్థానికుల వైఖరిని నాలుగు మెట్లుగా చెప్పాడు: మొదట సంబరం, తర్వాత పట్టనితనం, ఆ తర్వాత చిరాకు, చివరకు శత్రుత్వం. బట్లర్ 1980లో ఒక పర్యాటక స్థలం పుట్టి, పెరిగి, నిండిపోయి, స్తంభించి, చివరికి క్షీణించడమో కొత్త రూపు ఎత్తడమో జరుగుతుందని గీత గీసి చూపాడు.

విద్యార్థులు ఈ రెంటినీ పట్టుకొని తమ ఊరు ఏ మెట్టు మీద ఉందో తేల్చేయాలని చూస్తారు. అది తొందరపాటు. ఊరంతా ఒకే మెట్టు మీద ఉండదు. టీ కొట్టు పెట్టినవారు సంబరంలో ఉంటే, నీళ్ల కోసం క్యూలో నిలబడినవారు చిరాకులో ఉంటారు. భూమి అమ్ముకున్న తండ్రికీ ఆ భూమిలో కట్టిన రిసార్టులో కాపలా కాసే కొడుకుకీ అభిప్రాయం ఒకటి కాదు. ఊరి సగటు చెప్పే పట్టిక కంటే ఊరిలోని ఈ చీలికలు చూపే పట్టిక విలువైనది.

మన ప్రాంతం నుంచి ఒక ఉదాహరణ చెప్పండి.

అరకు లోయ. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. కొండదొర, భగత, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ, కోదు తెగలవారు అక్కడి నివాసులు. కొండల మీదుగా వెళ్లే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గాన్ని 1960లలో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి. అదే పట్టాల మీద 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె వచ్చింది. ఖనిజం కిందికి, పర్యాటకులు పైకి. ఆ మార్గం పక్కన ఉన్న ఊళ్లవారి ప్రయాణం మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ జీపుల మీద, కాలినడకన.

బొర్రా గుహలు చూసేవారికి అవి సహజ అద్భుతం. చుట్టుపక్కల గిరిజనులకు అవి శివుడి నెలవు, శివరాత్రికి అక్కడ జాతర. చాలామంది సందర్శకులకు తెలియని ఇంకో సంగతి ఉంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఈ బొర్రా పంచాయతీ ప్రాంతంలోని గనుల లీజుల వివాదం నుంచి వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమి లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. దానికి ఆధారం అందరూ 1/70 చట్టంగా పిలిచే భూ బదలాయింపు నిబంధనలు, అంటే 1959 నాటి నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకూడదు.

మరి ఏజెన్సీలో రిసార్టులు ఎలా లేస్తాయి? ఇక్కడే క్షేత్ర పరిశోధన అవసరం. ప్రభుత్వ సంస్థ నడిపేవి కొన్ని, గిరిజనులు సొంతంగా కట్టుకున్నవి కొన్ని. గిరిజనుల పేరు మీద బయటివారు పెట్టుబడి పెట్టే బినామీ వ్యవహారాల మీద ఫిర్యాదులు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. కాగితం మీద యజమాని ఎవరో రెవెన్యూ దస్తావేజు చెబుతుంది. రాత్రి గల్లా పెట్టె ఎవరు సర్దుతున్నారో అక్కడ కొన్ని నెలలు ఉంటే గాని తెలియదు. పర్యాటక పెట్టుబడుల కోసం 1/70ని సడలించాలన్న మాట వినిపించగానే 2025 ఫిబ్రవరిలో మన్యంలో బంద్ జరిగింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. పర్యాటకం మీద ప్రజల అభిప్రాయం ప్రశ్నావళిలోనే దొరుకుతుందనుకునేవారు ఆ బంద్‌ను చదవడం నేర్చుకోవాలి.

రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాల్చి అమ్మేవారి దగ్గర కాసేపు నిలబడండి. పచ్చి వెదురు బొంగు అడవిలో కొట్టి తెచ్చినది. కోడి, మసాలా తరచూ బయటి నుంచి వచ్చినవే. బొంగు కొట్టి తెచ్చినవారికి ఎంత, నిప్పు దగ్గర కూర్చున్నవారికి ఎంత, కొట్టు స్థలానికి అద్దె ఎంత అని విడదీసి అడిగితే పర్యాటకుడు ఇచ్చిన డబ్బులో ఊరిలో మిగిలేది ఎంతో, ఘాట్ రోడ్డు దిగి వెళ్లిపోయేది ఎంతో తెలుస్తుంది. పరిశోధకులు 'లీకేజీ' అనేది ఈ వెళ్లిపోయే వాటానే. పెద్ద ఆర్థిక నమూనాల కంటే ఇలాంటి చిన్న లెక్క ఊరివాళ్లకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

లంబసింగి చలి, వంజంగి మేఘాల కోసం వచ్చే రద్దీ ఇంకా కొత్తది. తెల్లవారకముందే వందల వాహనాలు కొండ దారి పడతాయి, సూర్యోదయం చూసి మధ్యాహ్నానికి దిగిపోతాయి. ప్లాస్టిక్ సీసాలు కొండ మీదే ఉంటాయి. సామాజిక మాధ్యమాల వల్ల ఒక కొండ ఏడాది రెండేళ్లలో ప్రసిద్ధమైపోవడం బట్లర్ గీత గీసినప్పుడు లేని పరిణామం.

ప్రదర్శన కోసం ఆడితే గిరిజన నృత్యం చెడిపోయినట్టేనా?

డీన్ మకానెల్ 1973లో ఒక మాట చెప్పాడు: పర్యాటకుడు అసలు జీవితం చూడాలని వస్తాడు, అతని కోసం 'అసలు'నే రంగస్థలం మీద పెడతారు. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు ఉత్సవం మీద రాస్తూ గ్రీన్‌వుడ్, సంస్కృతిని అమ్మకపు సరుకు చేస్తే ఊరివాళ్లకు దాని అర్థమే పోతుందని హెచ్చరించాడు. తర్వాతి ఏళ్లలో తన వాదన మరీ ఏకపక్షంగా ఉందని ఆయనే సవరించుకున్నాడు.

అరకులో థింసా చూద్దాం. స్త్రీలు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసి గొలుసుగా తిరుగుతారు. తుడుం, డప్పు, మోరి మోగుతాయి. చైత్ర పండుగలో, పెళ్లిళ్లలో అది రాత్రంతా సాగుతుంది. రిసార్టు ముందు చలిమంట పక్కన అదే నృత్యం కాసేపట్లో ముగుస్తుంది. చివర్లో పర్యాటకులు వరసలో చేరతారు, ఫోన్లు పైకి లేస్తాయి. దీన్ని చూసి 'నకిలీ' అని కొట్టిపారేయడం తేలిక. ఆ బృందంలోని మహిళలను అడిగితే వారు పండుగ థింసాను, పర్యాటకుల థింసాను తేడా తెలిసే ఆడతారు. వారి ఫిర్యాదు సాధారణంగా సంస్కృతి గురించి కాదు, డబ్బు గురించి, మర్యాద గురించి. ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, తాగి వచ్చి వరసలో చేరేవారిని ఎవరు ఆపుతారు? స్వచ్ఛత గురించి బయటివారు పెట్టుకునే బెంగ కంటే ఈ ప్రశ్నలు మొదట తేలాలి.

వెనిస్, బార్సిలోనాల్లో పర్యాటకులను వద్దంటున్నారు. ఎందుకు?

వెనిస్ పాత నగరంలో 1950ల మొదట్లో సుమారు లక్షా 75 వేల మంది ఉండేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 50 వేల కంటే తగ్గింది. ఇళ్లు పర్యాటక బసలయ్యాయి, కూరగాయల కొట్లు ముసుగుల దుకాణాలయ్యాయి. 2021 ఆగస్టు నుంచి పెద్ద క్రూయిజ్ ఓడలు నగర మధ్యకు రాకుండా ఆపారు. 2024 ఏప్రిల్ 25 నుంచి కొన్ని ఎంచిన రోజుల్లో పగలు వచ్చి వెళ్లేవారి దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు, 2024లో అది 5 యూరోలు. బార్సిలోనాలో కోపం అద్దెల మీద. పర్యాటకులకు అద్దెకిచ్చే 10 వేలకు పైగా అపార్ట్‌మెంట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి ముగిస్తామని నగర పాలకులు ప్రకటించారు. రెండుచోట్లా అసలు గొడవ సొంత ఊరిలో ఉండగలగడం గురించే. పర్యాటకుల సంఖ్య ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు.

వలస కూలీలనూ విహారయాత్రికులనూ ఒకే గాటన కట్టి చదవడం న్యాయమా?

ఒకే గాటన కట్టడం లేదు. ఒకరి కదలిక సులువు కావడానికి ఇంకొకరి కదలిక ఎలా కారణమవుతోందో చూస్తున్నాం. పాలమూరు నుంచి దేశమంతా రోడ్లు, ఆనకట్టలు కట్టడానికి కూలీలు వెళ్లారు. ఆ రోడ్ల మీద మనం విహారానికి వెళ్తాం. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వేలమంది కట్టిన, తుడిచిన హోటళ్లలోనే దుబాయ్ ప్యాకేజీ టూర్‌కు వెళ్లిన తెలుగు కుటుంబాలు దిగుతాయి. ఇద్దరూ శంషాబాద్ విమానాశ్రయం నుంచే బయలుదేరతారు. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఇద్దరినీ అడిగే ప్రశ్నలు, చూసే చూపు ఒకటి కావు.

తెలుగువారి ఐటీ వలస మీద మంచి పరిశోధన జరిగింది. షియాంగ్ బియావో అనే చైనా మానవ శాస్త్రవేత్త హైదరాబాద్‌లో, సిడ్నీలో ఉండి, కన్సల్టెన్సీలు ఉద్యోగులను దేశాల మధ్య ఎలా తిప్పుతాయో 2007లో వచ్చిన పుస్తకంలో వివరించాడు. కట్నం డబ్బు కంప్యూటర్ శిక్షణలోకి, వీసాలోకి ఎలా ప్రవహించిందో ఆయన చూపిన తీరు మన పరిశోధకులకు పాఠం. కోస్తా నుంచి అమెరికా వెళ్లినవారి డబ్బు సొంత జిల్లాల్లో భూములుగా, విద్యాసంస్థలుగా, గుళ్లుగా, కుల సంఘాల విరాళాలుగా ఎలా మారుతుందో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన ప్రాజెక్టులో కెరోల్ ఉపాధ్య, సనం రూహీ వంటివారు అధ్యయనం చేశారు.

దేశం లోపలి వలసకు వస్తే, 2011 జనగణన ప్రకారం పుట్టినచోటో అంతకుముందు ఉన్నచోటో వదిలి వచ్చినవారు 45 కోట్ల పైమాటే. వారిలో ఎక్కువమంది స్త్రీలు, ఎక్కువ కారణం పెళ్లి. అత్తవారింటికి వెళ్లిన కోట్లాది స్త్రీల కదలికను పరిశోధన చాలాకాలం వలసగానే గుర్తించలేదు.

పాత తెలుగు యాత్రా రచనలు పరిశోధనకు పనికొస్తాయా?

చాలా. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసులో బయలుదేరి, హైదరాబాద్, నాగపూర్, ప్రయాగల మీదుగా కాశీ వెళ్లి, గయ, కలకత్తా, పూరీ, ఉత్తరాంధ్ర మీదుగా 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. మజిలీలు, దారుల స్థితి, ధరలు, కులాలు, దొరతనం తీరు, గుళ్లలో వసూళ్లు అన్నీ రాశాడు. అది కంపెనీ ప్రభుత్వం పూరీ, గయ, ప్రయాగల్లో యాత్రికుల పన్ను వసూలు చేస్తున్న కాలం. ఆ పన్ను 1840లో రద్దయింది.

ఇప్పటి పరిశోధకులు ఆ పుస్తకంలో వెతకవలసిన ఇంకో మనిషి పల్లకీ మోసిన బోయీ. ఆ ప్రయాణం ఎందరి భుజాల మీద సాగింది, వారికి ఏమి ముట్టింది, వారు ఎక్కడ పడుకున్నారు? రచయిత తన గురించి రాసిన వాక్యాల మధ్య ఈ జవాబులు ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. ఈ చూపుతో మన యాత్రా సాహిత్యాన్ని మొత్తంగా మళ్లీ చదివే పీహెచ్‌డీ ఒకటి రావాలి.

పర్యాటకం వల్ల వాతావరణానికి ఎంత నష్టం?

ప్రపంచ హరితగృహ వాయువుల్లో సుమారు 8 శాతం పర్యాటకం వల్ల వస్తున్నాయని 2018లో లెన్జెన్ బృందం లెక్కగట్టింది. విమానాలొక్కటే కాక, తిండి, వస్తువులు, బస అన్నీ అందులో కలిపారు.

క్షేత్ర పరిశోధన ఎలా చేయాలి? ప్రశ్నావళి చాలదా?

'పర్యాటకం వల్ల మీకు లాభమా, నష్టమా?' అని అడిగితే ఎవరైనా మర్యాదకు 'లాభమే' అంటారు, మీరు పర్యాటకశాఖ నుంచి వచ్చారేమోనన్న అనుమానంతో కూడా. దానికి బదులు 'నిన్న ఎన్ని గంటలకు కొట్టు తెరిచారు? ఎవరెవరు కొన్నారు? చిల్లర ఎక్కడ తెచ్చుకున్నారు? వానాకాలంలో ఈ స్థలంలో ఏం చేస్తారు?' అని అడగండి. మాట మాట మీద బతుకు లెక్కంతా బయటికి వస్తుంది.

ఈ రంగంలో ఇష్టంగా వాడే పద్ధతి ఒకటి మనుషుల వెంట ప్రయాణిస్తూ మాట్లాడడం. గైడుతో గుహలోకి, డ్రైవరుతో ఘాట్ రోడ్డు మీదికి, కూరగాయలు అమ్మే మహిళతో తెల్లవారుజామున సంతకు వెళ్లండి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే రాని సంగతులు దారిలో వాటంతటవే వస్తాయి. ఒక్క సీజన్ చూసి రాయకండి. డిసెంబరు అరకు వేరు, జులై అరకు వేరు.

ఫోన్ టవర్ల సమాచారంతో రాకపోకలు కొలిచే పద్ధతిలో ఎస్టోనియా పరిశోధకులు ముందున్నారు. జనం ఎక్కడికి ఎప్పుడు వెళ్లారో అది చెబుతుంది, ఎందుకు వెళ్లారో చెప్పదు. సిగ్నల్ లేని గూడేల్లో అదీ చెప్పదు.

గిరిజన గ్రామాల్లో పరిశోధనకు అనుమతులు కావాలా?

మీ విశ్వవిద్యాలయం నైతిక సమీక్ష సంఘం అనుమతి, ఐటీడీఏకు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు) ముందస్తు సమాచారం, అన్నిటికంటే ముఖ్యంగా గ్రామసభకు విషయం విడమరిచి చెప్పడం. 1996 పెసా చట్టం (పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం) గ్రామసభకు ఇచ్చిన స్థానాన్ని పరిశోధకులు కూడా గౌరవించాలి. బినామీ భూముల వంటి విషయాల్లో మాట్లాడినవారి పేరు, ఊరు, వారిని గుర్తుపట్టించే ఏ వివరమూ రాయకండి. మీరు పీహెచ్‌డీ పట్టా తీసుకొని వెళ్లిపోతారు. వారు అక్కడే ఉండాలి.

ఎక్కడ చదవవచ్చు?

కేంద్ర పర్యాటక శాఖ కింద 1983లో ఏర్పడిన, గ్వాలియర్ ప్రధాన కేంద్రంగా ఉన్న భారతీయ పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థకు నెల్లూరులో కేంద్రం ఉంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో నిథమ్ (జాతీయ పర్యాటక, ఆతిథ్య నిర్వహణ సంస్థ) ఉంది. రెంటిలోనూ నిర్వహణ వైపు మొగ్గు ఎక్కువ. వలసల కోసం హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1996 నుంచి ఉన్న ప్రవాస భారతీయుల అధ్యయన కేంద్రం, తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం చూడండి. 1998లో మొదలైన కేరళ వలస సర్వే ఆ కేంద్రానిదే. తెలుగు రాష్ట్రాలకు అలాంటి క్రమబద్ధమైన సర్వే లేకపోవడం పెద్ద లోటు. గిరిజన ప్రాంతాల మీద పని చేయాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవ శాస్త్ర విభాగం మంచి చోటు. పర్యాటకం పేరున్న విభాగమే కావాలని పట్టుబట్టకండి. మంచి మార్గదర్శకులు ఏ విభాగంలో ఉంటే అక్కడ చేరండి.

ఇలాంటి పరిశోధనల వల్ల ఎక్కడైనా ఏమైనా మారిందా?

కేరళలోని కుమరకొం చెప్పుకోదగ్గది. హోటళ్లు వచ్చాక వేంబనాడ్ సరస్సు ఒడ్డున ఊరివాళ్లకు, మత్స్యకారులకు ఇబ్బందులు మొదలై నిరసనలు జరిగాయి. 2008లో బాధ్యతాయుత పర్యాటక కార్యక్రమం కింద పంచాయతీ, కుడుంబశ్రీ మహిళా బృందాలు కలిసి కూరగాయలు, గుడ్లు, చేపలు హోటళ్లకు నేరుగా అమ్మే ఏర్పాటు చేశారు. ధరలు ముందే కూర్చొని నిర్ణయించారు. సమస్యలన్నీ తీరలేదు. డబ్బు ఊరిలో నిలవడానికి ఒక దారి మాత్రం పడింది. అరకులో కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా పండుతున్నాయి. అక్కడి హోటళ్ల వంటగదుల్లోకి అవి నేరుగా ఎంత వెళుతున్నాయో లెక్క తీయడం ఒక ఎంఏ విద్యార్థి చేయగల పని.

సిద్ధాంత వ్యాసం ఇంగ్లిషులో రాస్తాను. ఊరివాళ్లకు దాన్ని ఎలా చేర్చాలి?

నాలుగు పేజీల తెలుగు సారాంశం తయారుచేసి వ్యాసం సమర్పించకముందే ఊరికి తీసుకెళ్లండి. గ్రామసభలో చదివి వినిపించండి. కోదు తెగవారి కువి వంటి భాషల్లో మాట్లాడే చోట ఊరి టీచరునో ఆశా కార్యకర్తనో పక్కన కూర్చోబెట్టుకొని చెప్పించండి. అంకెలు తప్పని ఎవరైనా అంటే అక్కడే రాసుకోండి. వారి అభ్యంతరాలకు ఒక అధ్యాయంలో చోటివ్వండి. పంచాయతీ కార్యాలయంలో, బడి గ్రంథాలయంలో ఒక్కో ప్రతి ఇవ్వండి. రేపు కొత్త రిసార్టుకు అనుమతి కోసం ఎవరైనా వచ్చినప్పుడు సర్పంచి చేతిలో ఆ కాగితాలు ఉండాలి.